కాలేజీ, కొలీజియం: ఒక లాటిన్ మాట తొక్కిన దారులు

2025 మే 8న వాటికన్‌లో పోప్ లియో 14 ఎన్నికయ్యారు. ఓటేసిన 133 మంది కార్డినళ్లూ (పోప్ తర్వాతి స్థాయి మతగురువులు) 'కార్డినళ్ల కాలేజీ' సభ్యులు. అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా 'ఎలక్టోరల్ కాలేజీ' లెక్కలు టీవీల నిండా ఉంటాయి. మన దగ్గర హైకోర్టులకు కొత్త జడ్జీల పేర్లు బయటికి వస్తే, ఆ వార్త 'సుప్రీంకోర్టు కొలీజియం' అనే మొదలవుతుంది. వీటిలో ఒక్క చోటా పాఠాలు చెప్పరు. క్లాసులు లేవు, పరీక్షలు లేవు. మరి వీటికి ఆ పేరెందుకు అని చాలామంది అడుగుతుంటారు.

నిజానికి ప్రశ్నను తిరగేసి అడగాలి. మనుషుల బృందం అన్నదే ఈ మాటకు పాత అర్థం. చదువుకునే చోటు అన్న అర్థం చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. అది కూడా అన్ని దేశాల్లో ఒకేలా చేరలేదు. డెన్మార్క్‌లో ఈ మాట వింటే విద్యార్థుల హాస్టల్ గుర్తొస్తుంది, ఫ్రాన్స్‌లో పన్నెండేళ్ల పిల్లాడి బడి, జర్మనీలో టీచర్ల బృందం, ఇటలీలో ఎన్నికలప్పుడైతే నియోజకవర్గం. ఇన్ని అర్థాలు ఎక్కడెక్కడ, ఎందుకు విడిపోయాయో మొదటి నుంచి చూద్దాం.

రోములో ఈ మాటకు అర్థం

లాటిన్‌లో 'కొల్లేగ' అంటే ఒకే బాధ్యతను పంచుకున్న తోటివాడు. ఇంగ్లీషులో 'కొలీగ్' దాన్నుంచే వచ్చింది. రోమన్ గణతంత్రంలో ఏటా పాలన నడపడానికి ఇద్దరు కాన్సుల్‌లను ఎన్నుకునేవారు. ఇద్దరికీ సమాన అధికారం, ఒకరి నిర్ణయాన్ని మరొకరు ఆపగలరు. ఆ ఇద్దరూ ఒకరికొకరు కొల్లేగలు. అలాంటి తోటివాళ్లు ఒక కట్టుబాటు కింద చేరితే అది 'కొల్లేగియుం'.

'కొల్లేగ' ఎలా పుట్టిందన్న దాని మీద రెండు మాటలున్నాయి. చదవడం, ఏరడం అనే అర్థాలున్న 'లెగెరె' నుంచి వచ్చిందనీ, కాబట్టి 'కలిసి చదివేవాళ్లు' అనే అర్థమనీ కొందరంటారు. వినడానికి బాగుంటుంది, కాలేజీకి చక్కగా అతుకుతుంది కూడా. కానీ నిఘంటుకారులు ఎక్కువగా ఒప్పుకునేది, పని అప్పగించి పంపడం అనే అర్థమున్న 'లేగారె'ని. చట్టం అనే అర్థమున్న 'లేక్స్' దీనికి చుట్టం. ఈ వాదనకు బలం అచ్చులో ఉంది. 'కొల్లేగ'లో ఉన్నది దీర్ఘమైన ఏత్వం, 'లెగెరె'లో ఉన్నది హ్రస్వమైన ఎత్వం. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తెలుగులో రాస్తే మాత్రం తేడా కంటికే తెలిసిపోతుంది. నాకు రెండో వాదనే సబబుగా తోస్తుంది. రోమన్లు ఈ మాటను వాడిన తీరులో చదువు ఊసే లేదు, బాధ్యత పంచుకోవడమే ఉంది.

ఎంతమంది ఉంటే కొల్లేగియుం అవుతుంది? నెరాటియుస్ ప్రిస్కుస్ అనే న్యాయకోవిదుడు ముగ్గురు చాలన్నాడు. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన న్యాయసంకలనంలో ఆ మాట నమోదై ఉంది.

పూజారులకు కొల్లేగియుం ఉండేది. వడ్రంగులకు, బట్టలు నేసేవాళ్లకు, పడవవాళ్లకు కూడా ఉండేవి. వీటిలో బీదాబిక్కీ పెట్టుకున్న అంత్యక్రియల సంఘాల గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. రోముకు దగ్గర్లోని లానువియుంలో డయానా దేవత పేరు మీద ఒక సంఘం ఉండేది. దాని నియమాలు సామాన్య శకం 136 నాటి పాలరాతి శాసనంలో దొరికాయి. చేరేటప్పుడు 100 సెస్టెర్సులు (అప్పటి రోమన్ నాణేలు), ఒక జాడీ మంచి ద్రాక్షసారా ఇవ్వాలి. ఆపైన నెలనెలా చందా కట్టాలి. మన చీటీల మాదిరే వాయిదాలు తప్పితే హక్కు పోతుంది. ఆరు నెలలు వరసగా కట్టనివాడు చనిపోతే సంఘం ఏమీ ఇవ్వదు. కట్టినవాడు పోతే అంత్యక్రియలకు 300 సెస్టెర్సులు ఇస్తుంది. విందులో లేచి వేరేవాళ్ల చోట్లోకి వెళ్లి గొడవ చేస్తే 4 సెస్టెర్సులు, తోటి సభ్యుణ్ని తిడితే 12 సెస్టెర్సులు జరిమానా. బానిసలు కూడా ఇందులో సభ్యులే. బానిస చనిపోయినప్పుడు యజమాని శవాన్ని అప్పగించకపోతే, బొమ్మకైనా అంత్యక్రియలు చేయాలని నియమం పెట్టుకున్నారు. బతికుండగా ఏ హక్కూ లేని మనిషికి చావులోనైనా తోటివాళ్లుండాలన్న పట్టుదల ఆ రాతిలో కనిపిస్తుంది. కొల్లేగియుం అనే మాటలోని అసలు సారం నాకు ఇక్కడే తెలిసినట్టుంటుంది.

ఏలేవాళ్లకు మాత్రం ఈ సంఘాలంటే భయం. ఇప్పటి టర్కీలోని ఇజ్మిత్ అప్పట్లో నికొమీడియా. అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగాక, 150 మందితో మంటలార్పే కొల్లేగియుం పెట్టుకోనిస్తారా అని గవర్నర్ ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. ట్రాజన్ ఒప్పుకోలేదు. ఏ పేరు పెట్టినా, ఏ పని కోసం చేరినా, అలాంటి గుంపులు కొన్నాళ్లకు రాజకీయ ముఠాలవుతాయన్నది ఆయన జవాబు. మంటలార్పే సామగ్రి కొని ఉంచితే చాలన్నాడు.

ఇక్కడ ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొల్లేగియుం సభ్యులు కలుసుకునే భవనాన్ని 'స్కొలా' అనేవారు. ఇంగ్లీషు 'స్కూల్' ఆ మాట నుంచే వచ్చింది. అంటే రోములో స్కొలా కట్టడం, కొల్లేగియుం మనుషులు. ఈ రెండో మాట కూడా కట్టడం వైపు ఎలా జరిగిందన్నదే మిగతా కథలో సగం.

మనుషుల బృందంగానే మిగిలిన దారి

పాత అర్థం ఎక్కడా తెగిపోలేదు. చర్చి, న్యాయం, పాలన లాటిన్‌లోనే సాగినన్నాళ్లు ఆ అర్థమూ సాగింది. కార్డినళ్ల కాలేజీ అలా నిలిచిందే. జర్మన్ ప్రాంతాలే ఎక్కువగా ఉన్న పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో రాజును ఎన్నుకునే హక్కు ఏడుగురు ప్రభువులదని 1356 నాటి శాసనం ఖాయం చేసింది. ఆ ఏడుగురూ కలిసి ఒక కొలేగియుమ్. రష్యాలో పీటర్ చక్రవర్తి 1718 ప్రాంతంలో స్వీడన్‌ను చూసి పాలనను మార్చాడు. శాఖకు ఒకడే అధిపతి కాకుండా కొందరు కూర్చుని ఓటుతో తేల్చాలని 'కొల్లేగియా'లు పెట్టాడు. లండన్‌లో 1518లో వచ్చిన రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా వైద్యుల బృందమే. స్పెయిన్‌లో నేటికీ వకీళ్ల సంఘం 'కొలేహియో', డాక్టర్ల సంఘమూ 'కొలేహియో'.

మన సుప్రీంకోర్టు కొలీజియం ఈ వంశానిదే. జడ్జీల నియామకం గురించి చెప్పే రాజ్యాంగం 124, 217 అధికరణాల్లో ఈ మాట లేదు. 1981 నాటి తీర్పులో జస్టిస్ పి.ఎన్. భగవతి, పేర్లు సిఫారసు చేయడానికి ఒక కొలీజియం ఉండాలని రాశారు. 1993 తీర్పు నియామకాల్లో న్యాయవ్యవస్థ మాటకే పైచేయి ఇచ్చింది. 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన అభిప్రాయంతో సుప్రీంకోర్టు జడ్జీల నియామకానికి ప్రధాన న్యాయమూర్తి, మరో నలుగురు సీనియర్ జడ్జీలు అనే లెక్క స్థిరపడింది. దీని స్థానంలో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ తెచ్చిన సవరణను 2015 అక్టోబరు 16న 4:1తో కొట్టేశారు. కొట్టేయొద్దన్న ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఒక్కరి చేతిలో కాకుండా సమాన హోదా ఉన్న కొందరు కలిసి తేల్చాలన్నది కొలీజియాన్ని సమర్థించేవాళ్ల మాట. తోటివాళ్లే తోటివాళ్లను ఎంచుకుంటే బయటివాళ్లకు జవాబు చెప్పేదెవరన్నది వ్యతిరేకించేవాళ్ల మాట. ఏ వైపు మొగ్గినా, ఇద్దరూ మాట్లాడుతున్నది రెండువేల ఏళ్ల కిందటి ఆ అర్థం గురించే.

ఎన్నికల్లో మూడు రకాలుగా చీలిన అర్థం

ఒకే వంశంలో కూడా అర్థాలు ఎలా జారిపోతాయో చూడాలంటే ఎన్నికల వార్తలు చదవాలి.

అమెరికాలో ఎలక్టోరల్ కాలేజీ అంటే రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునే 538 మంది ఎలక్టర్లు. 270 మంది మద్దతు దొరికితే గెలుపు. అమెరికా రాజ్యాంగంలో ఎలక్టర్లు అనే ఉంది, కాలేజీ అని లేదు. పైగా ఈ 538 మందీ ఒక్కసారి కూడా ఒకచోట కలవరు, ఎవరి రాష్ట్రంలో వాళ్లు ఓటేస్తారు. మన రాజ్యాంగం మాత్రం 54వ అధికరణంలో రాష్ట్రపతిని 'ఎలక్టోరల్ కాలేజీ' ఎన్నుకుంటుందని స్పష్టంగా రాసింది. ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు కలిస్తే ఆ కాలేజీ.

ఇప్పుడు స్పెయిన్ పత్రికలో 'కొలేహియోలు ఉదయం తొమ్మిదికి తెరుచుకున్నాయి' అనే వార్త ఎన్నికల రోజున కనిపించిందనుకోండి. అక్కడ 'కొలేహియో ఎలెక్తొరాల్' అంటే పోలింగ్ కేంద్రం. అమెరికా లెక్కలో అనువదిస్తే, ఎలక్టర్ల బృందం ఉదయాన్నే తలుపులు తెరిచిందని రాయాల్సి వస్తుంది. ఇటలీ పత్రికలో 'ఫలానా కొల్లేజోలో ఫలానా నాయకుడు గెలిచాడు' అని ఉంటే, అది నియోజకవర్గం.

మూడూ ఒకే చోట మొదలయ్యాయి. ఎన్నుకునే జనం అన్నది మూలం. ఆ జనం చేరే చోటుకు అదే పేరు అంటుకుంటే స్పెయిన్ అర్థం, ఆ జనం ఉండే ప్రాంతానికి అంటుకుంటే ఇటలీ అర్థం, జనం దగ్గరే ఆగిపోతే అమెరికా అర్థం.

హాస్టల్ నుంచి బడికి

చదువు ఎక్కడ కలిసింది? పన్నెండో శతాబ్దపు పారిస్‌లో. అప్పటి విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పే గురువుల, విద్యార్థుల సంఘం మాత్రమే. దానికి సొంత భవనాలు అంతగా లేవు. దూరం నుంచి వచ్చిన బీద విద్యార్థి ఎక్కడుండాలి, ఏం తినాలి? 1180లో ఒక దాత పద్దెనిమిది మంది బీద విద్యార్థుల కోసం ఏర్పాటు చేశాడు. దాని పేరే 'పద్దెనిమిది మంది కాలేజీ'. 1257లో రొబేర్ ద సోర్బోన్ మతశాస్త్రం చదివే బీదవాళ్ల కోసం పెట్టింది సోర్బోన్. ఆక్స్‌ఫర్డ్‌లో మెర్టన్ 1264లో, కేంబ్రిడ్జిలో పీటర్‌హౌస్ 1284లో వచ్చాయి. ఇవన్నీ దాతల ఆస్తి మీద, ఒక నియమావళి కింద, కలిసి తిని కలిసి ఉండే బృందాలు. రోమన్ అర్థం చెడలేదు, కాకపోతే ఆ బృందానికి ఒక ఇల్లు వచ్చింది. పోనుపోను పాఠాలు కూడా ఆ ఇంట్లోనే చెప్పడం మొదలైంది.

ఇక్కడి నుంచి ఒక్కో భాష ఒక్కో మజిలీలో ఆగింది. హాస్టల్ దగ్గర ఆగినవి డేనిష్, హంగేరియన్, చెక్. కోపెన్‌హాగెన్‌లో 1623 నాటి రెగెన్సెన్ నేటికీ విద్యార్థుల వసతిగృహమే. అక్కడి భాషలో అలాంటివన్నీ 'కొలేగియుమ్'లు. చెక్ భాషలో హాస్టల్‌ను 'కొలేయ్' అంటారు.

బడి దగ్గర ఆగినవి ఫ్రెంచ్, స్పానిష్. దీనికి ముఖ్య కారణం జెస్యూట్ మతగురువులు. 1548లో సిసిలీలోని మెస్సీనాలో మొదలుపెట్టి యూరప్ అంతా బాలుర విద్యాలయాలు తెరిచారు, అన్నిటికీ 'కొల్లేగియుం' అనే పేరు పెట్టారు. చదివేవాళ్లు పదీ పన్నెండేళ్ల వాళ్లు. కాబట్టి ఆ పేరు బడిపిల్లల వైపు వచ్చేసింది. ఫ్రాన్స్‌లో 'కొలేజ్' అంటే సుమారు 11 నుంచి 15 ఏళ్ల వయసు వాళ్లు చదివే నాలుగేళ్ల బడి. ఆ తర్వాతి హైస్కూలు 'లీసే'. అదే ఫ్రాన్స్‌లో 1530లో ఫ్రాన్సిస్ రాజు కాలంలో మొదలైన 'కొలేజ్ ద ఫ్రాన్స్' దేశంలోకెల్లా గొప్ప పండితుల పీఠం. అక్కడ పాఠాలు ఎవరైనా ఉచితంగా వినొచ్చు, డిగ్రీలు ఇవ్వరు. ఆ పీఠానికీ, ఆరో క్లాసు పిల్లలుండే బడికీ అక్కడ ఒకటే మాట. స్పెయిన్‌లో 'కొలేహియో' మామూలు బడి, పక్కన 'మయోర్' చేరిస్తే యూనివర్సిటీ హాస్టల్. ఇటలీలో 'కొల్లేజో' అంటే ముందుగా గుర్తొచ్చేది పిల్లలుండి చదువుకునే బోర్డింగ్ స్కూల్.

జర్మన్, డచ్ భాషలది మరో దారి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల జర్మన్ యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు ఫీజు తీసుకుని విడిగా పాఠాలు చెప్పేవారు. ఆ పాఠం కోసం చేరిన గుంపును కొలేగియుం అనేవారు, తర్వాత ఆ పాఠాన్నే అన్నారు. డచ్‌లో నేటికీ 'కొలేజ్' అంటే యూనివర్సిటీ లెక్చర్, ట్యూషన్ ఫీజు 'కొలేజ్‌ఖెల్ట్'. డచ్‌లోనే మేయరు, ఆయనతో కలిసి పట్టణాన్ని నడిపే బృందం కూడా 'కొలేజ్'. జర్మన్‌లో లెక్చర్ అర్థం పాతబడింది. 'కొలేగియుమ్' అంటే ఇప్పుడు ఒక స్కూల్లో పనిచేసే టీచర్లంతా. స్వీడన్‌లో గీతల నోట్‌ప్యాడ్ కొనడానికి వెళితే 'కొలేగియెబ్లాక్' అని అడగాలి. లెక్చర్ల నోట్సు రాసుకునే పుస్తకం కదా మరి.

మన దాకా వచ్చింది ఏ కాలేజీ?

1636లో మసాచుసెట్స్‌లో హార్వర్డ్ మొదలైనప్పుడు, దాన్ని పెట్టినవాళ్ల మనసులో ఉన్నది కేంబ్రిడ్జిలోని కాలేజీ. కేంబ్రిడ్జిలో కాలేజీలు చాలా, వాటన్నిటి పైన డిగ్రీలిచ్చే విశ్వవిద్యాలయం ఒకటి. అమెరికాలో కాలేజీ ఒక్కటే ఉంది, డిగ్రీ కూడా అదే ఇచ్చింది. అలా అక్కడ కాలేజీ అంటే డిగ్రీ చదువు అయిపోయింది. ఇంగ్లండ్‌లో మాత్రం 1440లో హెన్రీ 6 పెట్టిన ఈటన్ కాలేజీ అప్పుడూ ఇప్పుడూ బడే.

తెలుగువాళ్లకు ఈ మాట దగ్గరైంది మద్రాసు మీదుగా. 1812లో ఈస్టిండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చొరవతో సెయింట్ జార్జి కోట కాలేజీ వచ్చింది. కంపెనీ కొలువుకొచ్చిన కుర్ర దొరలకు అక్కడ తెలుగు, తమిళం లాంటి భాషలు నేర్పేవారు. 1816లో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ఆ కాలేజీ చలవే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాల కుటుంబానిదనీ ఎల్లిస్ వాదించింది ఆ పుస్తకం ముందుమాటలోనే. సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది కూడా ఆ కాలేజీలోనే.

1857లో లండన్ యూనివర్సిటీ నమూనాలో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. పాఠం చెప్పేది కాలేజీ, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది యూనివర్సిటీ అనే ఏర్పాటు అలా వచ్చింది. 1887లో హైదరాబాద్‌లో పెట్టిన నిజాం కాలేజీ కూడా మద్రాసుకే అనుబంధంగా ఉండేది. కాలేజీకి మనం వాడే 'కళాశాల'లో ఉన్నది శాల, అంటే కట్టడం. ఎలక్టోరల్ కాలేజీని తెలుగు చేసినప్పుడు మాత్రం 'నిర్వాచక గణం' అన్నాం. యూరప్‌లో ఒకే మాట కింద కలిసిపోయిన చోటునూ మనుషులనూ తెలుగు విడగొట్టేసింది.

అసలు అర్థం అంటూ ఒకటుందా?

మూలార్థమే సరైనది, మిగతావన్నీ చెడిపోయిన రూపాలు అనే వాదన ఒకటుంది. ఆ లెక్కన ఫ్రెంచ్ పిల్లల బడికి ఆ పేరు తగదు. భాషాశాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరు. ఒక భాష మాట్లాడేవాళ్లంతా ఏ అర్థంలో వాడితే అక్కడ అదే సరైన అర్థమంటారు. నేనూ అటే. కానీ మూలం తెలుసుకోవడం వృథా అని కాదు. కొలీజియం అన్న పేరు చదువుల నుంచి వచ్చిందనుకునే పొరపాటు మూలం తెలిస్తేనే తొలగుతుంది.

ఇంకో చర్చ అర్థాలు మారిన తీరు మీద. వాడుకలో మెల్లమెల్లగా జారాయా, లేక ఒక్కో సంస్థ లాటిన్ నుంచి ఎప్పటికప్పుడు మాటను తాజాగా తెచ్చుకుందా? బృందం నుంచి ఇంటికి, ఇంటి నుంచి బడికి మారింది మొదటి పద్ధతిలో. రష్యా కొల్లేగియాలు, మన కొలీజియం రెండో రకం. ఇంగ్లీషులో 'కాలేజ్' అప్పటికే ఉన్నా, చదువు వాసన అంటని లాటిన్ రూపాన్ని న్యాయమూర్తులు మళ్లీ బయటికి తీశారు.

రూపం కలిసి అర్థం కలవని ఇలాంటి మాటలకు ఫ్రెంచివాళ్లు 1928లో 'తప్పుడు స్నేహితులు' అని పేరు పెట్టారు. పూర్తిగా తెలియని మాట ఎదురైతే మనిషి నిఘంటువు తెరుస్తాడు. తెలిసినట్టు కనిపించే మాట ఎదురైతే తెరవడు. చిక్కంతా అక్కడే వస్తుంది.

సర్టిఫికెట్ల దగ్గర వచ్చే తేడా

ఈ చిక్కు ఎక్కువగా తగిలేది విదేశాలకు వెళ్లే పిల్లలకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. పదో తరగతి తర్వాత రెండేళ్ల చదువుకు మనం 'జూనియర్ కాలేజీ' అంటాం. సీబీఎస్ఈలో అదే వయసు పిల్లలు పదకొండు, పన్నెండు క్లాసుల్లో, అంటే స్కూల్లోనే ఉంటారు. అమెరికాలో జూనియర్ కాలేజీ అంటే పన్నెండో క్లాసు తర్వాత చదివే రెండేళ్ల కోర్సు. కాబట్టి అమెరికా దరఖాస్తులో 'కాలేజీ' అన్న గడిలో మన జూనియర్ కాలేజీ పేరు రాస్తే, డిగ్రీ చదువు రెండేళ్లు అయిపోయిందన్నట్టు అర్థం వస్తుంది. అది వెళ్లాల్సింది హైస్కూలు గడిలోకి. ఫ్రెంచ్ దరఖాస్తులో దానికి సాటివచ్చేది 'లీసే'. 'కొలేజ్' గడిలో రాస్తే, అంతకు ముందటి క్లాసుల చదువు అవుతుంది.

జర్మనీ వెళ్లేవాళ్లకు ఎదురయ్యేది 'ష్టూడియెన్‌కొలేగ్'. స్వదేశపు సర్టిఫికెట్‌తో యూనివర్సిటీలో నేరుగా సీటు రానప్పుడు చేరే సన్నాహక కోర్సు ఇది. మామూలుగా రెండు సెమిస్టర్లు ఉంటుంది, చివర్లో అర్హత పరీక్ష రాయాలి. పేరులో కాలేజీ ఉంది కాబట్టి డిగ్రీ ఇస్తారనుకోకూడదు, అది డిగ్రీకి ముందు మెట్టు మాత్రమే. డెన్మార్క్‌లో సీటొచ్చిన అబ్బాయికి 'కొలేగియుమ్‌లో చోటు దొరికింది' అని మెయిల్ వస్తే, ఇంకో కాలేజీకి మార్చారేమోనని టెన్షన్ పడక్కర్లేదు. ఉండటానికి గది ఇచ్చారని దాని అర్థం.